శాలిహుండం పుస్తకానికి గడువు తీరింది

2025 జనవరి 1న రెండు సంగతులు జరిగాయి. ఒకటి పేపర్లలో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మొదలుపెట్టింది. మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు వేసే దాదాపు 13,000 జర్నల్స్‌ని, అంటే పరిశోధన పత్రికలని, 6,300కి పైగా ప్రభుత్వ విద్యా సంస్థల్లో ఉచితంగా చదువుకోవచ్చు. రెండోది ఎక్కడా రాలేదు. మా శ్రీకాకుళం జిల్లాలోని బౌద్ధ క్షేత్రం శాలిహుండంలో జరిగిన తవ్వకాల మీద, తవ్విన ఆర్. సుబ్రహ్మణ్యమే రాయగా 1964లో రాష్ట్ర ప్రభుత్వం అచ్చు వేసిన నివేదికకి ఆ ముందు రోజుతో కాపీరైట్ గడువు తీరిపోయింది. ప్రభుత్వ ప్రచురణలకి, అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు అని 1957 నాటి చట్టం చెబుతోంది. వేళ్ల మీద లెక్క వేసుకోవచ్చు. ఇప్పుడా పుస్తకాన్ని ఎవరైనా మళ్లీ అచ్చు వేయవచ్చు, తెలుగులోకి తేవచ్చు, గార సెంటర్లో బడ్డీకొట్టు మీద పెట్టి అమ్ముకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

మొదటి సంగతి మీద మా స్టాఫ్ రూములో చాలాసేపు మాట్లాడుకున్నారు. రెండోది నేను చెబితే “అయితే ఏటి?” అన్నారు. అడిగినవాళ్లు చదువుకున్నవాళ్లే, మంచివాళ్లే. కాబట్టి కాస్త వివరంగానే జవాబు చెప్పాలి.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆ 6,300లో మేం లేం. ఎచ్చెర్లలో యూనివర్సిటీ విద్యార్థికి తెరుచుకునే జర్నల్, అక్కడికి బస్సులో కాసేపటి ప్రయాణం దూరంలో ఉన్న మా పిల్లలకి తెరుచుకోదు. ముప్పయ్యో నలభయ్యో డాలర్లు కట్టమంటుంది, ఒక్క వ్యాసానికి. అది మా పిల్లల బస్సు పాసుల కంటే ఎక్కువ. కానీ నా గోడు ఇది కాదు. రేపు ప్రైవేటు కాలేజీలని కూడా చేర్చినా, మా సబ్జెక్టులో అసలు లోటు అలాగే ఉంటుంది. ఎందుకంటే పురావస్తు శాస్త్రంలో బరువంతా జర్నల్స్‌లో లేదు. తవ్వకాల నివేదికల్లో ఉంది, శాసన సంపుటాల్లో ఉంది. అవి పుస్తకాలు. పథకం కొన్నది జర్నల్స్‌ని. పైగా ఎవరూ రాయని నివేదికని ఎన్ని వేల కోట్లు పెట్టినా కొనలేం.

తవ్వకం ఒక్కసారే చేయగలిగిన పని. ఒక పొర తీస్తే గానీ కింది పొర కనపడదు, తీసేశాక ఆ పై పొర ఇక ఉండదు. ఏ పెంకు ఏ పొరలో దొరికింది, ఏ ఇటుక ఏ గోడకి ఆనుకుని ఉంది అన్నది నోట్‌బుక్‌లోనూ ఫొటోల్లోనూ మాత్రమే మిగులుతుంది. ఆ నోట్‌బుక్ అచ్చు కాకపోతే, ఆపరేషన్ చేసి కేసు షీటు రాయని డాక్టరు ఎంతో, అంతే. పైగా ఇక్కడ రోగిని ఇంకో డాక్టరు మళ్లీ పరీక్ష చేసే వీలు లేదు.

నాగార్జునకొండ తీసుకోండి. 1954 నుంచి 1960 దాకా తవ్వారు. మన దేశంలో జరిగిన అతి పెద్ద తవ్వకాల్లో అదొకటి. ఆ లోయ ఇప్పుడు సాగర్ జలాశయం అడుగున ఉంది. వెళ్లి సరిచూసుకుందామంటే చోటే లేదు, నివేదికే ఆ చోటు. మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగం మీద రెండో సంపుటం 2006లో. అక్కడ ఏలిన ఇక్ష్వాకుల మీద మధ్యలో ఎన్ని పీహెచ్‌డీలు అయిపోయాయో, ఎంతమంది తవ్వినవాళ్లు పోయారో! అదే భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే స్తూపం తవ్వి ధాతు కరండాలు (అస్థికలు దాచిన పేటికలు) తీస్తే, వాటి మీది లిపిని జర్మన్ పండితుడు బ్యూలర్ చదివి 1894కల్లా ప్రభుత్వ శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో వేశాడు. టెలిఫోన్లు కూడా సరిగా లేని రోజుల్లో, వియన్నాలో కూర్చుని.

తెల్లదొరల కాలం బంగారు కాలమని నేను అనడం లేదు. ఆ పుస్తకాలు ఇక్కడివాళ్ల కోసం వేసినవీ కావు. రే భట్టిప్రోలులో స్తూపం తవ్వుతున్నప్పుడు తట్ట మోసిన మనిషికి ఆ పుస్తకం అందుతుందని ఎవరూ అనుకోలేదు. కానీ ప్రచురించడం ఉద్యోగంలో భాగమని వాళ్లు అనుకున్నారు, మనం అనుకోవడం లేదు. మన దగ్గర తవ్విన అధికారికి బదిలీ అవుతుంది. కొత్త చోట కొత్త ఫైళ్లు. పాత నోట్‌బుక్‌లు బీరువాలో, పెంకులు సంచుల్లో, సంచుల మీది చీటీలు చెదల నోట్లో. రిటైరయ్యాక రాద్దామనుకుంటారు. రిటైరయ్యాక గుమాస్తా ఉండడు, డ్రాఫ్ట్స్‌మన్ ఉండడు, కొన్నాళ్లకి ఓపికా ఉండదు. ఇందులో ఒక మనిషి తప్పు తక్కువ. తవ్వకానికి బడ్జెట్ ఇస్తాం, రాతకి ఇవ్వం. తవ్వకం మొదలైతే ఫొటో పేపర్లో పడుతుంది, మంత్రిగారు వస్తారు. నివేదిక వచ్చిన రోజున ఎవరు వస్తారు?

ఆలస్యం మన ఒక్కరి జబ్బేమీ కాదు. ఈజిప్టులో ఆక్సిరింకస్ చెత్తకుప్పల్లో దొరికిన గ్రీకు పత్రాల సంపుటాలు 1898లో మొదలై ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కానీ వస్తున్నాయి. వరుస సంఖ్య వేసి, ఒక పద్ధతిలో, తరం మారితే తరం అందుకుంటూ. (ఆ పత్రాల్లో ఒక చిన్న ప్రహసనంలో భారత తీరంలో వేసిన సన్నివేశం ఉంది, అందులోని అర్థంకాని మాటలు కన్నడమని ఎపిగ్రాఫియా ఇండికా సంపాదకుడు హుల్ట్‌ష్ 1904లో వాదించాడు. ఔనో కాదో గానీ, అచ్చులో పెట్టారు గనకే మద్రాసు శాసనాలు చదివినవాడి కంట్లో అది పడింది.)

ఆ లెక్కన శాలిహుండం అదృష్టవంతురాలు. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ముందు దక్షిణపు గట్టున ఉన్న ఆ కొండ సంగతి 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు బయటపెట్టారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వాడు, ఆ తర్వాత ఇంకొందరు, చివరికి సుబ్రహ్మణ్యం. స్తూపాలు, చైత్యాలు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు. నివేదిక కూడా వచ్చింది. మా జిల్లావాళ్లకి అది కార్తీకమాసం పిక్నిక్ స్పాట్. తప్పేం లేదు, నది కనపడే చక్కటి చోటు. కానీ ఆ కొండ మీద పులిహోర తిన్న వెయ్యిమందిలో ఒక్కరు కూడా దాని మీద ఒక పుస్తకం ఉందని విని ఉండరు. విన్నా అది ఇంగ్లీషులో. అరవై ఏళ్లపాటు అది మన ప్రభుత్వం సొమ్ముతో అచ్చయి, మన ప్రభుత్వమే మళ్లీ అచ్చు వేయక, ఇంకొకరు వేస్తే చట్టం ఒప్పుకోక, అటూ ఇటూ కాకుండా పడి ఉంది.

‘నెట్‌లో దొరుకుతాయి కదా మాస్టారూ’ అంటారు. పాత పుస్తకాలు చాలావరకు దొరుకుతాయి, దొరకబట్టే నా బతుకు గడుస్తోంది. ఆ స్కాన్లు దగ్గరగా చూశారా? శాసనాల అచ్చుముద్రలు అసలు పుస్తకంలో బూడిదరంగు ఛాయలతో ఉంటాయి. వాటిని వట్టి నలుపు తెలుపుల్లో స్కాన్ చేసేసరికి తారు పూసిన పలక అవుతాయి. తవ్వకం ప్లాన్లు మడతపెట్టి కుట్టి ఉంటాయి. స్కాన్ చేసే కుర్రాడికి పేజీకింత అని లెక్క, మడత విప్పేంత తీరిక ఎక్కడిది? మడత మీదే స్కాన్ చేసేశాడు. నాలుగోవంతు స్తూపం కనపడుతుంది. మిగతా మూడు వంతులు మన ఊహకి. పేజీ అంచున ఒక్కోసారి ఆ కుర్రాడి బొటనవేలు కూడా ఉంటుంది. నాకు కోపం రాదు, పాపం వాడొక్కడే ఆ పుస్తకాన్ని ఈ మధ్య ముట్టుకున్నవాడు.

తెలుగు అచ్చయితే ఇంకో తంటా. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అయిదో సంపుటం 1925లో వచ్చింది. మా ముఖలింగం శాసనాలు, శ్రీకూర్మం శాసనాలు అందులో ఉన్నాయి. పైన రెండు మూడు లైన్ల ఇంగ్లీషు శీర్షిక, ఏ మండపం ఏ స్తంభం అని, కింద వరస నంబర్లు వేసి తెలుగు శాసనాల పాఠమంతా తెలుగు లిపిలోనే. నూరేళ్ల కిందట ఒక ప్రభుత్వ సంపుటంలో మన మాటలు మన అక్షరాల్లోనే పడ్డాయన్నమాట. ఇప్పుడు ఆ స్కాన్‌లో ‘దీపము’ అని వెతకండి. ఏమీ రాదు. యంత్రం దాన్ని ఇంగ్లీషు పుస్తకమనుకుని చదివి, మన వాక్యాలన్నిటినీ పిచ్చిగీతల కింద మార్చి దాచుకుంది.

ఆ పేజీలే ప్రింటు తీసి నేను పిల్లల్ని ముఖలింగం తీసుకెళ్తాను. మధుకేశ్వరుడి గుడిలో స్తంభం దగ్గర ఒకడు కాగితం పట్టుకుంటాడు, ఒకడు వేలు పెట్టి రాతిమీద వెతుకుతాడు. మొదట అంతా గోలగా ఉంటుంది. ‘స్వస్తిశ్రీ’ దొరికేసరికి నిశ్శబ్దం అవుతారు. ఒక పిల్లవాడు వలపలగిలక (అక్షరం పక్కన పెట్టే పాతకాలపు ‘ర్’ గుర్తు) చూసి అచ్చుతప్పు అనుకున్నాడు, రాతి మీద కూడా అదే గుర్తు కనిపించేసరికి “ఇక్కడ కూడా తప్పే ఉంది సార్” అన్నాడు. కళింగని ఏలిన గాంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడి కాలం నాటి శాసనాలు అక్కడ చాలా ఉన్నాయి. ఎవరో గుడిలో అఖండదీపం పెట్టించారు, దాని నెయ్యికి ఇన్ని ఆవులు ఇచ్చారు, ఇది ఆచంద్రార్కం సాగాలి. ఎక్కువభాగం ఈ తీరే. ప్రసాదం పట్టుకుని వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగి, “బాబూ, ఇందులో ఏటి రాసుంది?” అంది. చెప్పాం. “నెయ్యికి ఆవుల్ని ఇచ్చీసినారా!” అని ఆ స్తంభాన్ని ఒకసారి నిమిరి, ఇచ్చినామె పేరు అడిగింది. ఆడమనిషే ఇచ్చి ఉంటుందని ఆవిడే నిశ్చయం చేసేసుకుంది. ఆ స్తంభం మీద దాత మగవాడు. పక్కదాంట్లో ఆడమనిషే ఉంది, దాన్ని చూపించాం.

ఆవిడకి మేం చెప్పింది తెలుగులో ఎక్కడుంది? పాఠం ఉంది, దాని అర్థం, నేపథ్యం, ఇప్పటివాళ్లకి పట్టే వివరణ లేవు. 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ మొదలై మనుచరిత్రని ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషుగా వేసింది. గ్రీకు లాటిన్ పుస్తకాలకి లోబ్ లైబ్రరీవాళ్లు వందేళ్లకి పైగా చేస్తున్న పద్ధతి అది. ముఖలింగం శాసనాలకి ఎడమ పేజీలో శాసనం తెలుగు, కుడి పేజీలో మన తెలుగు పెట్టి ఒక పుస్తకం వేయడం అంతకంటే కష్టమా? పాఠం 1925 నుంచే సిద్ధంగా ఉంది.

ఇక్కడ నాకు గిడుగువారు గుర్తొస్తారు. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ, పుస్తకాలు ముందేసుకుని పాత లిపులు తనే నేర్చుకుని, ముఖలింగం శాసనాలు చదివిన మనిషి. నరసన్నపేట తాలూకా నడగాంలో దొరికిన గాంగ రాజు వజ్రహస్తుడి రాగిరేకు శాసనాలని, శక సంవత్సరం 979 నాటివి, ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ఆయనే ప్రకటించారు. ఇంగ్లీషులో. అప్పుడు అంతకంటే దారి లేదు. తర్వాత ఆయన బడిపుస్తకం పిల్లవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని జీవితమంతా కొట్లాడారు. ఎదురు వాదించిన జయంతి రామయ్య పంతులుగారు కూడా శాసనాలలో తలపండినవారే. ఆయన పరిష్కరించిన తెలుగు శాసనాల సంపుటం ఆయన పోయాక 1948లో వచ్చింది. ఆ పోట్లాటలో బడిపుస్తకం మారింది, పత్రిక మారింది, కథ మారింది. పరిశోధన వ్యాసం ఒక్కటి ఆ పోట్లాట బయటే కూర్చుని, గ్రాంథికం నుంచి తప్పుకుని, నేరుగా ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. ఏటా ఆగస్టు 29న ప్రతి కాలేజీలో గిడుగు ఫొటోకి దండ వేస్తాం. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గది పక్కన ‘పబ్లికేషన్స్ ఎన్ని?’ అని అడిగే ఫారం నింపుతాం. అందులో తెలుగు వ్యాసం రాస్తే, రాసినవాడి మొహం వంక చూస్తారు.

ఆ ఫారం కోసం జరిగే బాగోతం వేరు. మా స్నేహితుడొకాయన ఉత్తరాంధ్ర బౌద్ధం మీద ఏళ్ల తరబడి తిరిగి రాసుకున్న వ్యాసాన్ని, పేరులో ‘ఇంటర్నేషనల్’ ఉన్న ఒక జర్నల్‌కి పంపాడు. వారం తిరక్కుండానే అంగీకారం, వెనకే ఫోన్‌పే నంబరు. వ్యాసంలో రామతీర్థం గురుభక్తులకొండ ఉండాల్సిన చోట అచ్చులో ‘గురుభక్త కుండ’ అని పడింది. ఎవరూ చదవలేదని అర్థం. డబ్బు మాత్రం సరిగ్గా చేరింది. యూజీసీ ఇలాంటివాటిని ఏరేయడానికని కేర్ లిస్టు అని నమ్మదగిన జర్నల్స్ జాబితా ఒకటి పెట్టి, 2025లో దాన్ని ఎత్తేసింది. పెద్ద విదేశీ జర్నల్స్‌లో అందరికీ ఉచితంగా తెరిచి ఉంచాలంటే రచయితే రెండు మూడు వేల డాలర్లు కట్టాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. చదివేవాడి జేబు వదిలి రాసేవాడి జేబు పట్టుకున్నారు. వ్యాసాన్ని పరిశీలించే పండితుడికి మాత్రం ఆ చోటా ఈ చోటా పైసా ఇవ్వరు.

డబ్బు లేకుండా కుదరదా అంటే, గ్రీకు లాటిన్ చదువులవాళ్లే కుదుర్చుకుని చూపించారు. పెన్సిల్వేనియాలో బ్రిన్ మార్ అని ఒక చిన్న కాలేజీ. అక్కడ 1990లో పుస్తక సమీక్షల పత్రిక ఒకటి మొదలుపెట్టి ఈమెయిల్లో ఊరికే పంపేవారు. వెబ్‌సైట్లు అనేవి పుట్టకముందు. ఇప్పటికీ ఉచితమే, ఆ రంగంలో అందరూ చదివేది అదే. ఇంగ్లండులోని యార్క్‌లో 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కియాలజీ అనే పత్రికని 2014 నుంచి పూర్తిగా తెరిచేశారు. ఈ రంగం చిన్నది. రాసేవాళ్లు, దిద్దేవాళ్లు, చదివేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. మధ్యలో అంత పెద్ద కంపెనీ ఎందుకన్న ప్రశ్న వాళ్లకి తొందరగా తట్టింది.

మనకి అంతకు ముందే తట్టింది. రాజమండ్రిలో 1922లో ఆంధ్ర హిస్టారికల్ రీసెర్చ్ సొసైటీ పెట్టి, 1926 నుంచి జర్నల్ నడిపారు. ప్లీడర్లు, మేష్టర్లు రాసేవారు. మా కళింగ గాంగుల రాగిరేకులు ఎన్నో అందులో వెలుగు చూశాయి. ఆ రాజులు వాడిన గాంగ శకం ఏ సంవత్సరంలో మొదలైందన్న తగువు ఆ పేజీల్లోనూ ఇతర జర్నల్స్‌లోనూ ఏళ్ల తరబడి సాగింది. ఇప్పుడు చాలామంది క్రీ.శ. 498 ప్రాంతం అని ఒప్పుకుంటున్నారు. అదీ ఇంగ్లీషు జర్నలే. కానీ తగువు పడ్డవాళ్లలో గోదావరి జిల్లాల ప్లీడర్లూ ఉన్నారు.

‘తెలుగులో రాస్తే ప్రపంచంలో ఎవడు చదువుతాడండీ’ అన్నది నాకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న. దీన్ని అడిగేవాళ్లు గ్రీకు పురావస్తువుల ప్రపంచం ఒక్కసారి చూడాలి. ఇటలీ తవ్వకాల వార్తలు 1876 నుంచి ఇటాలియన్‌లో వస్తున్నాయి. గ్రీసు ప్రభుత్వ శాఖ తన నివేదికలు గ్రీకులో వేస్తుంది. ఏథెన్స్‌లోని ఫ్రెంచి పాఠశాల 1877 నుంచి ఫ్రెంచిలో వేస్తుంది. ఎవరూ ఏడవడం లేదు. అమెరికాలో ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ చేయాలంటే జర్మన్, దాంతోపాటు ఫ్రెంచో ఇటాలియనో చదవగలనని పరీక్ష రాయించడం మామూలు. పని అక్కడ ఉంది కాబట్టి భాష నేర్చుకుంటారు. మన శాసనాల మీద పని చేసేవాడి సంగతి ఇంకా సులువు. పదకొండో శతాబ్దపు తెలుగు చదవగలిగినవాడికి నేను రాసే తెలుగు అడ్డమా? చోడగంగు నాటి వాక్యం అర్థమై, ఈనాటి వాక్యం అర్థం కాలేదంటే నేను నమ్మను. ఇంగ్లీషు మానేయమని అనడం లేదు. ఇంగ్లీషులో ఒక సారాంశం పెట్టండి చాలు. ఇన్నాళ్లూ తిరగేసి చేస్తున్నాం, వ్యాసం ఇంగ్లీషులో రాసి, తెలుగులో సారాంశం కూడా లేకుండా.

గుప్తనిధులవాళ్ల భయం మాత్రం నిజమైన భయం. తవ్విన చోటు, దొరికిన లోతు తెలుగులో వేస్తే రాత్రికి రాత్రి గునపాలు పట్టుకొస్తారని ఒక అధికారి నాతో అన్నారు. కాపలా లేని కొత్త చోట్ల వివరాలు వెంటనే పెట్టకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ గునపాలవాళ్లు ఇంతవరకూ ఏ జర్నల్ చదివి వచ్చారు? వాళ్లకి మంత్రగాడి మాట చాలు. దిబ్బలో బంగారం లేదు, పెంకులూ ఇటుకలే ఉన్నాయి, వాటి విలువ వేరు అని ఊళ్లో నలుగురికి తెలిస్తే, రాత్రి టార్చిలైటు కనపడినప్పుడు ఆ నలుగురే ముందు లేస్తారు.

కాబట్టి నేను మా జిల్లాలో కొందరితో మాట్లాడుతున్నాను. ఏడాదికి ఒక సంచిక, తెలుగులో, ఉచితంగా చదువుకునేలా, కావలసినవాళ్లకి అచ్చులో. ప్రతి సంచికలో ఒక పాత శాసనం పాఠం, వివరణ, మంచి ఫొటో. కొత్తగా దొరికినవాటికి చోటు. వ్యాసం పరిశీలించే ఇద్దరి పేర్లూ చివర అచ్చు వేస్తాం, మొహమాటానికి ఒప్పుకుంటే పదిమందికీ తెలిసేలా. ఇద్దరు రిటైరైన తెలుగు మేష్టర్లు ప్రూఫులు చూస్తామన్నారు. ఫొటోలు తీసే కుర్రాడు ఉన్నాడు, పెళ్లిళ్ల సీజన్ కాకపోతే వస్తాడు. ఖర్చు భయపడినంత లేదు. శ్రీకాకుళంవాళ్లూ విజయనగరంవాళ్లూ కలిసి చేద్దామన్న దగ్గర మాత్రం, సంచిక పేరులో ఏ జిల్లా ముందుండాలన్న చర్చ మొదలైంది. ‘కళింగ’ అని పెట్టి ఊరుకుందామని నేనన్నాను. ఒడిశావాళ్లు ఒప్పుకుంటారా అని ఒకాయన లేచాడు. ఈ ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.